ట్యాబ్లెట్‌కు హానికర వెబ్‌సైట్ల నుంచి, మాల్వేర్ నుంచి రక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యాబ్లెట్ తరచుగా ఒక్కరి సొత్తుగా ఉండదు. ఒకరు చదువుకోవడానికి, ఒకరు వీడియోలు చూడడానికి, మరొకరు బ్యాంకు పనులకు అదే పరికరాన్ని వాడుతుంటారు కాబట్టి, ఒకరు నొక్కిన బటన్ ఫలితం ఇంకొకరు అనుభవించవలసి వస్తుంది. కింది సమాధానాలు ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లకూ ఐప్యాడ్‌కూ వర్తిస్తాయి. రెండింటికీ తేడా ఉన్నచోట విడిగా చెప్పాం. మెనూల పేర్లు తయారీ సంస్థను బట్టి, వెర్షన్‌ను బట్టి కొద్దిగా మారవచ్చు.

ట్యాబ్లెట్‌కు కూడా కంప్యూటర్‌కు సోకినట్టే వైరస్ సోకుతుందా?

కచ్చితమైన అర్థంలో వైరస్ అంటే ఇతర ఫైళ్లకు అంటుకుని, తనను తాను నకలు చేసుకుంటూ వ్యాపించే ప్రోగ్రామ్. ట్యాబ్లెట్లలో అటువంటిది చాలా అరుదు. ఆండ్రాయిడ్‌లోనూ ఐప్యాడ్‌లోనూ ప్రతి యాప్ తనకు కేటాయించిన గదిలోనే పనిచేస్తుంది. పక్క యాప్ దాచుకున్న సమాచారాన్ని అది తెరిచి చూడలేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చలేదు. ఈ గోడలు గట్టివి కావడం వల్లనే మాల్వేర్ (హాని చేయడానికే రాసిన ప్రోగ్రామ్) తయారుచేసేవారిలో ఎక్కువమంది వాటిని పగలగొట్టే శ్రమ మానుకుని, తలుపు తీయమని యజమానినే అడుగుతున్నారు. టార్చిలైటు, పీడీఎఫ్ రీడర్, బ్రౌజర్ అప్‌డేట్, ఆట, ఇలా ఏదో ఒక వేషంలో వచ్చి, "అనుమతించు" అనే బటన్‌ను మన వేలితోనే నొక్కించుకుంటారు. ట్యాబ్లెట్ భద్రత చాలావరకు ఆ బటన్ దగ్గరే తేలుతుంది.

గోడ నిజంగానే పగిలిన సందర్భాలు లేకపోలేదు. 2015లో బయటపడిన స్టేజ్‌ఫ్రైట్ లోపాల వల్ల, ప్రత్యేకంగా తయారుచేసిన ఒక వీడియో ఫైలే ఆండ్రాయిడ్ పరికరాన్ని లొంగదీసుకోగలిగే పరిస్థితి వచ్చింది. 2016లో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్, ఒక్క లింకు నొక్కితే చాలు ఐఫోన్‌లో చొరబడగలదని పరిశోధకులు కనుగొన్నారు. ఆపిల్ సంస్థ ఐఓఎస్ 9.3.5తో ఆ లోపాలను సరిదిద్దింది. ఇటువంటి దాడులకు మన జాగ్రత్త చాలదు, అప్‌డేట్లే మందు. అయితే ఇవి ఎక్కువగా ఎంచుకున్న వ్యక్తుల మీద జరిగేవి. సామాన్య వాడుకరికి ఎదురయ్యేవి మొదటి రకం మోసాలే.

"మీ ట్యాబ్లెట్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి" అని తెర మీద హెచ్చరిక వచ్చింది. అది నిజమేనా?

నిజం కాదు. వెబ్‌పేజీకి మీ ట్యాబ్లెట్ లోపలికి తొంగిచూసే శక్తి లేదు. అందులో వైరస్ ఉందో లేదో తెలుసుకునే మార్గమే దానికి లేదు. అయినా ఆ పేజీ నమ్మించేలా ఉండడానికి కొన్ని కిటుకులు వాడతారు. పైన పేరున్న సంస్థ లోగో ఉంటుంది, దాని కింద మీ ట్యాబ్లెట్ మోడల్ పేరు కూడా కనిపిస్తుంది. ఆ పేరు చూసి చాలామంది కంగారుపడతారు గానీ, పరికరం ఏ రకానిదో బ్రౌజర్‌ను అడిగి తెలుసుకోవడం ఏ వెబ్‌సైటుకైనా సాధ్యమే. ఆ తర్వాత రెండు నిమిషాల నుంచి వెనక్కి లెక్కపెట్టే గడియారం, ఎర్ర అక్షరాలు, కింద "ఇప్పుడే శుభ్రం చేయండి" అనే పచ్చ బటన్. ఆ గడియారం సున్నాకు చేరేదాకా ఊరికే చూస్తూ కూర్చుంటే ఏమీ జరగదు. పేజీని మళ్లీ తెరిస్తే లెక్క మళ్లీ రెండు నిమిషాల నుంచే మొదలవుతుంది.

ఆ పేజీలోని ఏ బటన్‌నూ నొక్కకండి. మూలన కనిపించే ఇంటూ గుర్తు కూడా పేజీలో గీసిన బొమ్మే కావచ్చు, దాన్ని నొక్కినా అది తీసుకుపోయేది వాళ్లు అనుకున్న చోటికే. బ్రౌజర్‌లోని ట్యాబ్‌ల జాబితా తెరిచి, అక్కడి నుంచి ఆ ట్యాబ్‌ను మూసేయండి. మూతపడకపోతే ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని యాప్స్ విభాగానికి వెళ్లి బ్రౌజర్‌ను ఫోర్స్ స్టాప్ చేయండి. ఐప్యాడ్‌లో బ్రౌజర్‌ను పైకి తోసి మూసి, సఫారీ సెట్టింగ్స్‌లో హిస్టరీనీ వెబ్‌సైట్ డేటానూ చెరిపేయండి. పేజీ మూసేసి, దేన్నీ ఇన్‌స్టాల్ చేయకుండా, ఏ వివరాలూ టైపు చేయకుండా ఉన్నట్టయితే ఇక చేయవలసింది ఏమీ లేదు.

పేజీ మూసేసినా అవే హెచ్చరికలు రోజూ వస్తూనే ఉన్నాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయి?

చాలావరకు అది మాల్వేర్ కాదు, నోటిఫికేషన్ అనుమతి. మా ఇంట్లో పెద్దవారు వాడే ట్యాబ్లెట్‌లో గంటకు పదేసి చొప్పున "బ్యాటరీ పాడైంది", "మెమరీ నిండింది", "బహుమతి తగిలింది" అంటూ వచ్చేవి. పరికరాన్ని పూర్తిగా చెరిపేయాలనే నిర్ణయానికి వచ్చాక, చివరి ప్రయత్నంగా ఒక నోటిఫికేషన్‌ను వేలితో నొక్కిపట్టి చూస్తే, దాన్ని పంపుతున్నది క్రోమ్ అనీ, దాని వెనుక ఏదో వంటల వీడియో చూడబోయి తెరిచిన ఒక అనామక సైటు ఉందనీ తేలింది. "మీరు రోబో కాదని నిరూపించడానికి అనుమతించు నొక్కండి" అని ఆ సైటు అడిగిందట, ఆయన నొక్కారట. మనిషి అవునో కాదో పరీక్షించే ఏ నిజమైన పద్ధతీ నోటిఫికేషన్ అనుమతి అడగదు.

పరిష్కారం అర నిమిషం పని. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే అనుమతి పొందిన సైట్ల జాబితా కనిపిస్తుంది. తెలియని పేర్లన్నింటినీ తొలగించండి. వీలైతే అదే పేజీలో, సైట్లు నోటిఫికేషన్ కోసం అసలు అడగకుండా చేసే స్విచ్‌ను కూడా మార్చండి. దానివల్ల కోల్పోయేది దాదాపు ఏమీ ఉండదని నా అభిప్రాయం.

ఐప్యాడ్‌లో ఈ బెడద తక్కువ. 2023లో ఐప్యాడ్‌ఓఎస్ 16.4తో వెబ్ నోటిఫికేషన్లు వచ్చినా, హోమ్ స్క్రీన్‌కు చేర్చుకున్న సైట్లకు మాత్రమే అవి పనిచేస్తాయి. అక్కడి మోసం క్యాలెండర్ ద్వారా జరుగుతుంది: ఏదో పేజీలో "సబ్‌స్క్రైబ్" నొక్కితే, క్యాలెండర్ నిండా వైరస్ హెచ్చరికలు కార్యక్రమాల్లా చేరతాయి. ఒక్కొక్క దాన్నీ చెరపడం వృథా. క్యాలెండర్ యాప్‌లో ఆ సబ్‌స్క్రిప్షన్‌నే తొలగించాలి.

చిరునామా పక్కన తాళం గుర్తు ఉంటే ఆ సైటును నమ్మవచ్చు కదా?

నమ్మకూడదు. మీకూ ఆ చిరునామాకూ మధ్య సాగే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే తాళం చెబుతుంది. ఆ చిరునామా ఎవరిదో, వారు ఎటువంటివారో అది చెప్పదు. దానికి అవసరమైన సర్టిఫికెట్లు ఉచితంగా, నిమిషాల్లో ఎవరికైనా దొరుకుతాయి కాబట్టి నేడు నకిలీ సైట్లలో కూడా తాళం సర్వసాధారణం. ఈ అపోహ కారణంగానే క్రోమ్ 2023లో తాళం గుర్తును తీసేసి, సెట్టింగ్స్‌ను సూచించే మామూలు గుర్తును పెట్టింది.

చూడవలసింది చిరునామాను, అదీ సరైన చోటి నుంచి. ముందుండే https:// లోని గీతలను వదిలేసి, ఆ తర్వాత మొదటి వాలుగీత ఎక్కడ ఉందో చూసి, అక్కడి నుంచి ఎడమవైపుకు చదవండి. ఉదాహరణకు "నాబ్యాంక్.కామ్.ఖాతా-సరిచూడు.టాప్/లాగిన్" అనే చిరునామాలో కంటికి ముందు కనిపించేది బ్యాంకు పేరే. కానీ వాలుగీతకు సరిగ్గా ముందున్నది "ఖాతా-సరిచూడు.టాప్"; సైటు యజమాని ఆ పేరు కొన్నవాడు, బ్యాంకు కాదు. ఎడమవైపు ఏ పేరు తగిలించుకోవాలన్నది పూర్తిగా అతని ఇష్టం. ట్యాబ్లెట్‌ను నిలువుగా పట్టుకున్నప్పుడు అడ్రస్ బార్‌లో చిరునామా సగమే కనిపించవచ్చు, అందువల్ల బార్‌ను ఒకసారి తాకి మొత్తం చదవడం మంచిది.

ఒక్కోసారి ఎంత జాగ్రత్తగా చదివినా కన్ను మోసపోతుంది. రష్యన్ లిపిలోని "అ" అక్షరం ఇంగ్లీషు "ఎ" అక్షరాన్ని అచ్చంగా పోలి ఉంటుంది; అటువంటి అక్షరాలతో ఆపిల్ చిరునామాను తలపించే పేరు నమోదు చేసి, కొన్ని బ్రౌజర్లు దాన్ని తేడా లేకుండా చూపిస్తున్నాయని 2017లో ఒక పరిశోధకుడు నిరూపించాడు. క్రోమ్ ఆ లోపాన్ని సరిదిద్దింది. ఈ విషయంలో కంటికంటే పాస్‌వర్డ్‌లను దాచి, అవసరమైనప్పుడు నింపే పాస్‌వర్డ్ మేనేజర్‌ను నమ్మడం మేలు. అది పాస్‌వర్డ్‌ను సైటు రూపంతో కాకుండా అసలు చిరునామాతో ముడిపెట్టి దాచుకుంటుంది కాబట్టి, నకిలీ సైటులో తనంతట తాను పాస్‌వర్డ్ నింపదు. రోజూ నింపేది ఈ రోజు నింపలేదంటే, చేత్తో టైపు చేయడానికి తొందరపడకుండా ఆగి చిరునామా చూడండి. పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో, ముఖంతోనో, పిన్‌తోనో లాగిన్ చేయించే పాస్‌కీలు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి.

బ్రౌజర్ ఎర్ర తెర చూపించి "ముందు ప్రమాదకరమైన సైటు ఉంది" అంటోంది. దాటి వెళ్లవచ్చా?

వెళ్లకండి. ఇది వెబ్‌పేజీ వేసిన బొమ్మ కాదు, బ్రౌజర్ స్వయంగా ఇచ్చే హెచ్చరిక. గూగుల్ 2007 నుంచి నడుపుతున్న సేఫ్ బ్రౌజింగ్ వంటి జాబితాల ఆధారంగా ఇది వస్తుంది. నిజమైన హెచ్చరిక మిమ్మల్ని వెనక్కి పంపాలని చూస్తుంది; నకిలీ హెచ్చరిక ఏదో ఒకటి డౌన్‌లోడ్ చేయించాలనో, ఎవరికో ఫోన్ చేయించాలనో చూస్తుంది. రెండింటినీ వేరుచేసి గుర్తించడానికి ఈ ఒక్క తేడా చాలు.

ప్లే స్టోర్ నుంచి, యాప్ స్టోర్ నుంచి తీసుకున్న యాప్‌లు పూర్తిగా సురక్షితమేనా?

బయటి నుంచి తెచ్చుకునే వాటికంటే ఎంతో సురక్షితం, కానీ పూర్తిగా కాదు. జోకర్ అనే మాల్వేర్ కుటుంబం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ: వాడుకరికి తెలియకుండా చెల్లింపు సేవలకు చందాలు కట్టించే ఈ రకం యాప్‌లను 2017 నుంచి దాదాపు 1,700 దాకా పట్టుకుని తొలగించామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. ఆపిల్ కూడా దీనికి అతీతం కాదు. 2015లో ఎక్స్‌కోడ్‌ఘోస్ట్ వ్యవహారంలో, యాప్‌లు తయారుచేసే సాధనానికి సంబంధించిన కల్తీ ప్రతిని వాడిన డెవలపర్ల ద్వారా మాల్వేర్ యాప్ స్టోర్‌లోకి చేరింది.

స్టోర్‌లో పెట్టిన రివ్యూలను మాత్రమే చూసి నిర్ణయించుకోవద్దు. ఎలుకకు పిల్లి సాక్ష్యం అన్నట్టు, ఐదు నక్షత్రాల పొగడ్తలు కొనుక్కున్నవి కావచ్చు. ఒకటి, రెండు నక్షత్రాల రివ్యూలు చదవండి, ప్రకటనల బాధ, డబ్బు కోత వంటి ఫిర్యాదులు అక్కడే బయటపడతాయి. డెవలపర్ పేరు చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా, యాప్ చేసే పనికీ అది అడిగే అనుమతులకూ పొంతన ఉందో లేదో చూడండి. కాలిక్యులేటర్‌కు కాంటాక్టులతో పని లేదు.

స్టోర్‌లో లేని యాప్‌ను ఏపీకే ఫైలుగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చా?

సాంకేతికంగా వీలవుతుంది (ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు). అవసరం మాత్రం చాలా కొద్దిమందికే ఉంటుంది. ఒకప్పుడు "తెలియని మూలాలు" అనే ఒకే స్విచ్ ఉండేది. దాన్ని తెరిస్తే పరికరం మొత్తానికి తలుపు తెరిచినట్టే అయ్యేది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ అనుమతిని ఒక్కో యాప్‌కు విడివిడిగా ఇవ్వవలసి ఉంటుంది. ఇప్పుడే సెట్టింగ్స్‌లో "తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్" పేజీ తెరిచి చూడండి. ఎప్పుడో ఒకసారి అవసరపడి బ్రౌజర్‌కో, చాట్ యాప్‌కో ఇచ్చిన అనుమతి అలాగే మిగిలిపోయి ఉంటే తీసేయండి.

వీడియో చూడబోతే "మీ ప్లేయర్ పాతది, అప్‌డేట్ చేయండి" అనీ, "మీ క్రోమ్ పాతబడింది" అనీ చెప్పే పేజీలు అందించే ఏపీకే ఫైళ్లను ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవకండి. బ్రౌజర్ అప్‌డేట్ స్టోర్ ద్వారానే వస్తుంది. ఏ వెబ్‌పేజీ ద్వారానూ రాదు.

యాక్సెసిబిలిటీ అనుమతి గురించి అంతగా ఎందుకు హెచ్చరిస్తారు?

ఎందుకంటే ఆండ్రాయిడ్‌లో ఒక యాప్‌కు ఇవ్వగల అనుమతుల్లో అత్యంత శక్తిమంతమైన వాటిలో ఇది ఒకటి. చూపు లేనివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించడానికి, చేతులు సరిగా కదపలేనివారి తరఫున బటన్లు నొక్కడానికి ఈ సౌకర్యం పుట్టింది. అటువంటి పనులకు ఇది అమూల్యమైనది. కానీ తెర మీద ఉన్నదంతా చదవగలగడం, మన బదులు నొక్కగలగడం అనే ఆ రెండు శక్తులే దొంగకు కూడా కావాలి. ఈ ఒక్క అనుమతి చిక్కితే మాల్వేర్ మీరు టైపు చేసే పాస్‌వర్డ్‌ను చదవగలదు, తెర మీదికి వచ్చిన ఓటీపీని పట్టుకోగలదు, మిగతా అనుమతుల ప్రశ్నలకు తానే "సరే" నొక్కుకోగలదు, మీరు దాన్ని తొలగించబోతే ఆ పేజీని మూసేయనూ గలదు. మామూలు యాప్ వేషంలో వచ్చి బ్యాంకు వివరాలు దోచే ఆండ్రాయిడ్ బ్యాంకింగ్ ట్రోజన్లలో అనేకం నడిచేది దీని బలంతోనే. యాప్‌ల మధ్య కట్టిన గోడలన్నీ ఇక్కడ పనికిరాకుండా పోతాయి.

అందుకే 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, ఏపీకేగా బయటి నుంచి వచ్చిన యాప్‌కు ఈ అనుమతి ఇవ్వబోతే "పరిమిత సెట్టింగ్" అని చెప్పి వ్యవస్థ అడ్డుకుంటుంది. ఆ అడ్డును తొలగించడం ఎలాగో మెట్టుమెట్టుగా చెప్పే యాప్ గానీ, ఫోన్‌లో మాట్లాడే వ్యక్తి గానీ ఎదురైతే అక్కడికక్కడే ఆపేయండి. ఇప్పటికే ఎవరికి ఈ అనుమతి ఉందో సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ పేజీలో కనిపిస్తుంది. ఆ జాబితాలో మీరు కావాలని పెట్టుకున్నది తప్ప మరొకటి ఉండకూడదు.

విడిగా యాంటీవైరస్ యాప్ అవసరమా?

ఐప్యాడ్‌కు అవసరం లేదు. అక్కడ ఏ యాప్ కూడా మరో యాప్‌ను పరీక్షించలేదు కాబట్టి, ఆ పేరుతో అమ్మేవి నిజానికి వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకలను మరో సర్వర్ మీదుగా పంపే సేవ), లింకు వడపోత వంటి ఇతర సేవలే. ఆండ్రాయిడ్‌లో 2017 నుంచి ప్లే ప్రొటెక్ట్ అనే స్కానర్ ప్లే స్టోర్‌తో పాటే ఉంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. స్టోర్ నుంచి మాత్రమే యాప్‌లు తీసుకునేవారికి అది చాలు. తరచుగా బయటి ఫైళ్లు తెరవవలసినవారికి పేరున్న సంస్థ యాంటీవైరస్ కొంత ఉపయోగపడుతుంది. "క్లీనర్", "బూస్టర్" అనే పేర్లతో వచ్చేవాటికి మాత్రం దూరంగా ఉండండి.

ఐప్యాడ్ వాడేవారు నిశ్చింతగా ఉండవచ్చా?

మాల్వేర్ విషయంలో చాలావరకు ఉండవచ్చు, నకిలీ సైట్ల విషయంలో ఉండకూడదు. దొంగ లాగిన్ పేజీలో టైపు చేసిన పాస్‌వర్డ్ ఏ పరికరం నుంచి వెళ్లినా దొంగకే చేరుతుంది. సెట్టింగ్స్‌లో జనరల్ కింద ఉండే "వీపీఎన్, డివైస్ మేనేజ్‌మెంట్" పేజీని కూడా చూడండి. పాఠశాలో, కార్యాలయమో పెట్టినది కాకుండా తెలియని ప్రొఫైల్ (పరికరం సెట్టింగ్స్‌ను మార్చే ఫైలు) ఏదైనా అక్కడ ఉంటే తొలగించండి. జర్నలిస్టులు, ఉద్యమకారులు వంటి ప్రత్యేకంగా గురిచేయబడే అవకాశం ఉన్నవారి కోసం ఐప్యాడ్‌ఓఎస్ 16 నుంచి లాక్‌డౌన్ మోడ్ ఉంది. అది అనేక సౌకర్యాలను కత్తిరిస్తుంది కాబట్టి అందరికీ అక్కరలేదు.

నా ట్యాబ్లెట్ పాతది, అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంకా వాడవచ్చా?

ఏ పనికి వాడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. స్టేజ్‌ఫ్రైట్ తర్వాత, 2015 ఆగస్టు నుంచి గూగుల్ ఆండ్రాయిడ్ లోపాలపై నెలవారీ ప్రకటనలు మొదలుపెట్టింది. ఒక లోపాన్ని సరిచేశామని బహిరంగంగా ప్రకటించారంటే, ఆ సవరణ అందని పరికరాల్లో అది ఎక్కడ ఉందో దొంగలకు కూడా తెలిసినట్టే. బ్రౌజర్ స్టోర్ ద్వారా విడిగా అప్‌డేట్ అవుతుంది కాబట్టి కొంతకాలం గండం గడుస్తుంది, కానీ దానికీ హద్దు ఉంది: 2025లో వచ్చిన క్రోమ్ 139 నుంచి కనీసం ఆండ్రాయిడ్ 10 ఉండాలి. బ్రౌజర్ అప్‌డేట్ కూడా ఆగిపోయిన ట్యాబ్లెట్‌లో బ్యాంకు, ఈమెయిల్, పని ఖాతాలు వద్దు. దించుకున్న పుస్తకాలు చదవడానికి, పాటలు వినడానికి అది ఇంకా బాగానే పనికొస్తుంది.

హానికర సైట్లు అసలు తెరుచుకోకుండా ముందే అడ్డుకునే మార్గం ఉందా?

ఉంది, అదీ ఉచితంగా. సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే డీఎన్ఎస్ సేవను, హానికరమైనవిగా గుర్తించిన పేర్లకు జవాబు ఇవ్వని సేవగా మార్చుకోవాలి. 2017లో మొదలైన క్వాడ్9 అటువంటిదే. ఆండ్రాయిడ్ 9 నుంచి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉండే "ప్రైవేట్ డీఎన్ఎస్" తెరిచి, ప్రొవైడర్ పేరు దగ్గర dns.quad9.net అని టైపు చేస్తే సరిపోతుంది. ఐప్యాడ్‌లో ఆ సేవ ఇచ్చే ప్రొఫైల్ లేదా యాప్ ద్వారా పెట్టుకోవాలి. ఇంట్లోని పరికరాలన్నింటికీ కావాలంటే రౌటర్‌లోనే 9.9.9.9 అని మార్చుకోవచ్చు. అయితే నిన్న రాత్రి పుట్టిన నకిలీ సైటు ఈ జాబితాల్లోకి ఇంకా చేరి ఉండకపోవచ్చు. వీపీఎన్ ఆన్‌లో ఉంటే ఈ వడపోత పక్కకు తప్పుకోవచ్చు కూడా.

పిల్లలు కూడా అదే ట్యాబ్లెట్ వాడుతున్నారు. ఏం చేయాలి?

ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో చాలావాటికి వేర్వేరు యూజర్లను పెట్టుకునే వీలుంది. పిల్లలకు వేరే యూజర్ ఇచ్చి, గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ యాప్ ద్వారా ప్రతి కొత్త యాప్‌కూ మీ ఆమోదం అవసరమయ్యేలా చేయండి. ఇళ్లలో వాడే ఐప్యాడ్‌లో వేర్వేరు యూజర్లు ఉండరు కాబట్టి స్క్రీన్ టైమ్‌లో ఇన్‌స్టాళ్లను, కొనుగోళ్లను అడ్డుకోవాలి. స్క్రీన్ టైమ్‌కు పెట్టే పాస్‌కోడ్, తెర తీసే పాస్‌కోడ్ ఒకటే కాకూడదు.

పేరు తెలియని సంస్థ కొత్త ట్యాబ్లెట్‌లోనే మాల్వేర్ ఉండే అవకాశం ఉందా?

ఉంది. తయారీకీ అమ్మకానికీ మధ్య ఎక్కడో ఫర్మ్‌వేర్ (పరికరంతో పాటే వచ్చే మూల సాఫ్ట్‌వేర్) లోనే మాల్వేర్ చేరిన పరికరాలను 2023లో బ్యాడ్‌బాక్స్ పేరిట పరిశోధకులు బయటపెట్టారు. ఎక్కువ భాగం టీవీ బాక్సులే అయినా వాటిలో ట్యాబ్లెట్ కూడా ఉంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇది అటువంటి దొంగ: ఫ్యాక్టరీ రీసెట్ చేసినా, అంటే పరికరాన్ని పూర్తిగా చెరిపి కొత్తదానిలా చేసినా, అదే ఫర్మ్‌వేర్ మళ్లీ లేస్తుంది. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోని "అబౌట్" విభాగంలో పరికరం సర్టిఫై అయిందో లేదో కనిపిస్తుంది. కాలేదని ఉంటే వెనక్కి ఇచ్చేయడమే సరైన పని.

పొరపాటున లింకు నొక్కాను. ఇప్పుడు ఏం చేయాలి?

ముందు మీరు ఎంతవరకు వెళ్లారో గుర్తు తెచ్చుకోండి. లింకు నొక్కి పేజీ చూసి మూసేస్తే, అప్‌డేట్లు సరిగా ఉన్న పరికరానికి సాధారణంగా ఏమీ కాదు. పాస్‌వర్డ్ టైపు చేసి ఉంటే, వెంటనే మరో పరికరం నుంచి దాన్ని మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. అదే పాస్‌వర్డ్ వాడిన ఇతర ఖాతాలను కూడా మార్చండి. కార్డు వివరాలు ఇచ్చి ఉంటే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి కార్డును ఆపించండి, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఆండ్రాయిడ్‌లో యాప్ ఇన్‌స్టాల్ చేసి ఉంటే మొదట వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపండి. పవర్ మెనూలో "పవర్ ఆఫ్" గుర్తును నొక్కిపట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. అక్కడ మీరు వేసుకున్న యాప్‌లు నడవవు కాబట్టి తొలగింపును అడ్డుకునే మాల్వేర్ కూడా నిద్రపోతుంది. హోమ్ స్క్రీన్‌లో వెతకకండి, ఇటువంటివి తమ గుర్తును దాచేస్తాయి. సెట్టింగ్స్‌లోని పూర్తి యాప్‌ల జాబితాలో చూడండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే, సెక్యూరిటీ విభాగంలోని డివైస్ అడ్మిన్ జాబితాలో దాని అధికారం తీసేసి మళ్లీ ప్రయత్నించండి. ఆ యాప్‌కు యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చి ఉంటే తొలగించినంత మాత్రాన ఆగకుండా ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే ఉత్తమం, ఎందుకంటే ఆ కాసేపట్లో అది ఇంకేం చేసిందో మనకు కనిపించదు.

ఫ్యాక్టరీ రీసెట్ చేశాక పాత బ్యాకప్‌ను తిరిగి పెట్టుకోవచ్చా?

ఫొటోలు, కాంటాక్టులు, పత్రాలు తెచ్చుకోవచ్చు. యాప్‌లను మాత్రం బ్యాకప్ నుంచి మూకుమ్మడిగా దించకుండా, అవసరమైనవాటిని స్టోర్ నుంచి ఒక్కొక్కటిగా వేసుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను కాపీ చేసి పెట్టుకుని ఉంటే, అందులో ఏపీకే ఫైళ్లు మిగిలి ఉన్నాయేమో చూసి, తిరిగి చేర్చే ముందే చెరిపేయండి. మొదటిసారి గండం తెచ్చిన ఫైలు చాలాసార్లు ఆ ఫోల్డర్‌లోనే పడి ఉంటుంది.